ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం దూసుకుపోతుంది: నాస్లర్ పార్టిషన్ 150 గ్రెయిన్ల గుండు

నా రైఫిల్ .308 వించెస్టర్ అనే కొలత తూటాలు కాల్చేది. లైసెన్సు చేతికొచ్చి, సీజను తెరిచిన రోజుల్లో జింకల కోసం వెళ్తాను. నేను కాల్చే దూరం నలభై గజాల నుంచి రెండు వందల గజాల దాకా, అంతే. అంతకన్నా దూరంలో కనబడిన జింకను దుర్భిణిలో చూసి సంతోషిస్తాను తప్ప ట్రిగ్గరు మీద వేలు పెట్టను. మూడు సీజన్లుగా నాస్లర్ కంపెనీ వారి పార్టిషన్ 150 గ్రెయిన్ల గుండు వాడుతున్నాను. దానితో అయిదు జింకలను కొట్టాను, కాగితపు గురి మీద అరవై దాకా కాల్చాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

తూటా అన్నా బుల్లెట్ అన్నా మామూలు మాటల్లో ఒకటే. అసలైతే ఇత్తడి కేసు, దాని అడుగున క్యాపు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు, ఈ నాలుగూ కలిస్తేనే తూటా. ఎగిరిపోయి జింకకు తగిలేది గుండు ఒక్కటే. ఇక్కడ నేను చెప్పేదంతా దాని గురించే. దీని బరువును గ్రెయిన్లలో చెబుతారు, పౌనుకు 7,000 గ్రెయిన్లు. నాకు ఈ లెక్క ఎప్పుడూ తలకెక్కేది కాదు. 180 గ్రెయిన్లంటే సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములని తెలిశాక ఇక మరిచిపోలేదు. నా 150 గ్రెయిన్ల గుండు తులానికి కాస్త తక్కువ తూగుతుంది. 

పార్టిషన్ వైపు నన్ను మళ్లించింది ఒక పాడు ఉదయం. అంతకు ముందు ప్లాస్టిక్ మొన, పల్చటి రాగి తొడుగు ఉన్న గుండు వాడేవాణ్ణి. పేరు అనవసరం. వంద గజాల దగ్గర మూడు గుళ్లు కాలిస్తే మూడూ బొటనవేలి గోరు కింద దాక్కునేవి. అంత ముద్దుగా కాగితాన్ని పొడిచే గుండు అడవిలో మాత్రం ఎందుకు తప్పు చేస్తుందని నా ధీమా. ఆ రోజు నలభై గజాల్లో ఒక మగ జింక పొదల్లోంచి బయటికొచ్చి ఏటవాలుగా నా వైపు తిరిగి నిలబడింది. జబ్బ మీద గురి పెట్టి పేల్చాను. అది ఒక్కసారి ముందుకు తూలి, లేచి పరుగు తీసింది. వెంటనే లేవబోతుంటే పక్కనున్న బావగారు నా భుజం పట్టి కూర్చోబెట్టారు. "కూర్చోవోయ్. అరగంట దాకా కదలకు. ఇప్పుడు తరిమితే ఊరు దాటుతుంది."

అరగంట కాదు, ముప్పావు గంట ఆగాం. అది నిలబడిన చోట కత్తిరించినట్టున్న వెంట్రుకలు, రెండు మూడు ఎముక ముక్కలు కనబడ్డాయి. నెత్తురు మాత్రం చుక్కలు చుక్కలుగా ఉంది, అదీ పది గజాలకొకటి. గుండు అవతలి వైపు నుంచి వెలువడలేదన్నమాట. నాలుగు గంటలు వంగిన నడుం ఎత్తకుండా వెతికాం. దొరికేసరికి ప్రాణంతోనే ఉంది. రెండో గుండుతో ముగించాను. ఆ నాలుగు గంటలూ అది పడిన బాధకు లెక్క చెప్పాల్సింది నేనే.

తోలు తీస్తే జబ్బ మీద అరచేయంత గాయం, లోపల ఆవగింజల్లా చెదిరిన సీసం. గుండె దాకా ఏదీ చేరలేదు. అన్నిటికన్నా పెద్ద ముక్కను నగల కాటా మీద పెడితే 31 గ్రెయిన్లు. నూట యాభై బయలుదేరితే మిగిలింది ముప్పై ఒకటి. అలాగని ఆ గుండును నిందించి చేతులు దులుపుకోలేను. దూరం వెళ్లి వేగం తగ్గాక కూడా విచ్చుకునేలా దాన్ని పల్చగా చేశారు. సెకనుకు 2,700 అడుగుల వేగంతో ఎముకకు గుద్దింది నేను. తప్పు దానిదెంతో నాదీ అంతే.

గుండ్లు కొనేవాళ్లు పెట్టె మీద మొదట వెతికేది బాలిస్టిక్ కోఎఫిషియెంట్ అనే అంకె. గాలిని గుండు ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే కొలత అది. పార్టిషన్ 150కి అది 0.387. సూదిలా చెక్కిన ప్లాస్టిక్ మొన గుండ్లకు ఇదే బరువులో 0.43 దాటుతుంది. ఆరు వందల గజాల్లో ఉక్కు పలకను మోగించాలనుకుంటే ఆ తేడాకు విలువుంది. రెండు వందల గజాల్లో రెండు గుండ్లూ పడే చోట్ల మధ్య తేడా అర అంగుళం కూడా ఉండదు. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు. అక్కడ అర అంగుళం కోసం గుండు స్వభావాన్నే మార్చుకోవడం నాకు రుచించదు. మధ్యస్థ దూరంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: తోలు తాకిన క్షణం నుంచి అడుగున్నర లోతు వరకు ఈ గుండు ఏం చేస్తుంది?

సరిగ్గా ఆ ప్రశ్న నుంచే పుట్టింది పార్టిషన్. 1946లో జాన్ నాస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ను కొట్టడానికి వెళ్లాడు. మూస్ అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పి. దాని ఒంటికి బురద ఎండి అట్టకట్టి ఉంది. ఆయన గుళ్లు ఆ పైపొరలోనే పగిలిపోయి లోపలికి దిగలేదు. ఇంటికి వచ్చి తనే ఒక గుండు తయారు చేసుకున్నాడు, 1948లో కంపెనీ పెట్టాడు. నేను బురద జింకను కొట్టలేదు గానీ, ఆయన తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏమని తిట్టుకుని ఉంటాడో నాకు తెలుసు.

గుండును నిలువుగా కోస్తే దాని కిటుకు తెలుస్తుంది. రాగి తొడుగు మధ్యలో అదే లోహంతో అడ్డగోడ ఉంటుంది. ఆ గోడకు ముందు ఒక గదిలో సీసం, వెనక ఇంకో గదిలో సీసం. తగలగానే ముందు గది పుట్టగొడుగులా విచ్చుకుని, చాలావరకు చిట్లిపోతుంది కూడా. వెనక గదిని గోడ కాపాడుతుంది. అది పగలకుండా బరువుతో ముందుకే పోతుంది. అంటే ఒకే గుండు రెండు పనులు చేస్తుంది: మొదట పెద్ద గాయం, ఆపైన లోతైన రంధ్రం. సెకనుకు 1,800 అడుగుల వేగం ఉన్నా విచ్చుకుంటుందని తయారీదారులు చెబుతారు. నా తూటాలో రెండు వందల గజాల దగ్గర కూడా 2,300 అడుగుల పైనే మిగులుతుంది కాబట్టి ఆ భయం లేదు. నలభై గజాల్లో జబ్బ ఎముకకు తగిలినా భయం లేదు. నాకు కావలసింది ఈ రెండో ధైర్యం.

మాట నమ్మకుండా పరీక్ష పెట్టాను. పాత వార్తాపత్రికలను రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, బరువైన కట్టలుగా కట్టి, యాభై గజాల నుంచి కాల్చాను. పాత ప్లాస్టిక్ మొన గుండు కాగితాన్ని పెద్ద గుంటగా చింపి, పావు దూరంలోనే ఆగిపోయింది. పార్టిషన్ కట్టలో చివరి దాకా వెళ్లింది. కడిగి తూచితే 97 గ్రెయిన్లు, అంటే మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. దాని ముఖం పూర్తిగా వెనక్కి ముడుచుకుని ఉంది, కింది సగం పెట్టెలోంచి తీసినంత నున్నగా ఉంది. ఎంతసేపు తిప్పి చూసినా విసుగు రాలేదు. తడి కాగితం మాంసం కాదు, అందులో ఎముక లేదు. గుళ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

జింకల మీద దాని పనితనం గురించి పెద్ద కథ లేదు, అదే దాని గొప్ప. నాలుగు పక్క నుంచి కొట్టినవి, ఒకటి జబ్బ మీద కొట్టింది. నాలుగింటిలో గుండు అవతలికి దూసుకుపోయింది. అన్నిటికన్నా దూరం పరిగెత్తింది డెబ్బై గజాలు. వెలువడిన రంధ్రం రూపాయి బిళ్లంత ఉంది, జాడ మాత్రం నా లాంటి చత్వారం వాడికి కూడా కనబడేంత స్పష్టంగా ఉంది. నురగతో లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, నిలబడి ఆలోచించే పని లేదు. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పచ్చటి గడ్డి ముద్ద కలిసి ఉంటే పొట్ట, ఇక ఆ రోజంతా అయిపోయినట్టే. ఏ గుండు అయినా పొట్టకు తగిలితే ఒకటే. మంచి గుండు కొంటే చెడ్డ గురి సరిపోతుందనుకునేవాళ్లకు నేను పార్టిషన్ సిఫారసు చేయను.

ఇక లోపాలు. నా రైఫిల్‌లో వంద గజాల దగ్గర మూడు గుళ్లు అంగుళంన్నర వృత్తంలో పడతాయి. పాత గుండుతో పోలిస్తే సగం సొగసు. జింకకు చాలు, గొప్పలు చెప్పుకోవడానికి చాలదు. రెండోది, మొన మెత్తటి సీసం. తుపాకీ వెనక్కి తన్నిన ప్రతిసారీ మ్యాగజైనులో అడుగున ఉన్న తూటాల మొనలు ముందు గోడకు గుద్దుకుని చప్పిడి ముక్కుల్లా తయారవుతాయి. సీసపు మొన ఉన్న ఏ గుండుకైనా ఇది తప్పదు. చూడటానికి బాధగా ఉంటుంది గానీ, అలా నలిగిన మూడింటిని కావాలని కాలిస్తే మామూలు చోటే పడ్డాయి. అప్పటి నుంచి పట్టించుకోవడం మానేశాను.

మూడోది మాత్రం కొట్టిపారేసేది కాదు. ముందు గదిలోని సీసం చిట్లుతుంది అన్నానుగా, ఆ చిట్లింది మాంసంలోనే ఉంటుంది. గాయం చుట్టూ నేను ధారాళంగా కోసి పారేస్తాను. అయినా కంటికి కనబడని పొడి ఎంత దూరం పోయిందో కంటితో తేల్చలేం. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం వాడటం పూర్తిగా నిషేధం. వేటగాళ్లు వదిలిన పేగుల కుప్పల్లో సీసపు తునకలు తిని అక్కడి కాండోర్ రాబందులు చచ్చిపోతుండటం అందుకు పెద్ద కారణం.

బావగారు ఈ మాట మీదే నాతో విడిపోయారు. ఇంట్లో మనవరాలు ఉంది, ఆ మాంసం తింటుంది. ఆయన బార్న్స్ వారి టీటీఎస్ఎక్స్ 130 గ్రెయిన్లకు మారారు. ఇది మొత్తం రాగి గుండు, సీసం పేరుకైనా లేదు. బార్న్స్ రాగి గుండు మొదటిసారి వచ్చింది 1989లో. నాలుగు రేకులుగా విచ్చుకుని దాదాపు మొత్తం బరువును అట్టే పెట్టుకుంటుంది. నా తడి కాగితాల్లో 129 గ్రెయిన్ల పైచిలుకు తూగింది. రాగి సీసంకన్నా తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది. అందుకే సీసంలో 150 వాడేవాళ్లు రాగిలో 130కి దిగితే నష్టం లేదు. వేగం పెరుగుతుంది, విచ్చుకోవడానికి రాగికి ఆ వేగం కావాలి కూడా. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేను కూడా నిస్సంకోచంగా అదే కొనమంటాను. దూరం మూడు వందల గజాలు దాటుతుందనుకుంటే మాత్రం ఈ రెండూ వద్దు, సీసాన్ని తొడుగుకు అతికించిన సూది మొన గుండ్లు చూసుకోండి.

ఏది కొన్నా ఒకేసారి మూడు పెట్టెలు, ఒకే లాటు నంబరువి తీసుకోండి. గుండు మారితే స్కోపు మళ్లీ సరిచేయాలి. ఈ మాట బావగారికి చెబితే "నలభై ఏళ్లుగా కాలుస్తున్నాను, నాకు చెబుతావా" అన్నారు. రాగి గుండుతో మొదటి మూడూ ఆయన పాత గురికి రెండున్నర అంగుళాలు పైన, ఎడమకు పడ్డాయి. స్కోపు మూత తీసి నా వైపు చూడకుండా మరలు తిప్పుకున్నారు.

అయిదుకు నాలుగు ఇస్తాను. అయిదో జింక జబ్బ ఎముకలు రెండూ విరగ్గొట్టి అవతలి తోలు కింద ఆగిన పార్టిషన్ ఒక్కటే నా దగ్గర మిగిలింది. 94 గ్రెయిన్లు, అర తులం పైమాట. నగల కాటా పక్కనే పెట్టుకున్నాను. మిగతా నాలుగూ జింకల అవతల మట్టిలో ఎక్కడో ఉన్నాయి.