రెండు సీజన్ ముగింపులు: రైకర్ ఆదేశం, మార్క్ కేక

'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్', 'సెవరెన్స్': ఉత్కంఠలో వదిలేసిన ఈ రెండు సిరీస్‌ల సీజన్ ముగింపుల్లో ఏది మేలు? ఇవి చూడనివారు ఇక్కడే ఆగండి, ముగింపులు చెప్పేస్తున్నాను.

'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' మూడో సీజన్ 1990 జూన్‌లో ముగిసింది. సగం జీవులు, సగం యంత్రాలైన బోర్గ్ సేన అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్‌ను ఎత్తుకెళ్లి తమలో కలిపేసుకుంటుంది. తెర మీద ఆయనే శత్రువు గొంతై మాట్లాడుతుంటే, ఆయన కింది అధికారి రైకర్ బోర్గ్ నౌకను కాల్చమని ఆదేశిస్తాడు. అక్కడితో ఆపేశారు. ఆ ఆయుధం పనిచేయలేదని సెప్టెంబరులో తేలిపోయింది గానీ, తన కెప్టెన్ మీదే కాల్పులకు తెగించిన ఆ నిర్ణయం బరువు ఇప్పటికీ తగ్గలేదు.

'సెవరెన్స్' మొదటి సీజన్ ముగింపు (2022 ఏప్రిల్) దారి వేరు. ఇందులో ఉద్యోగుల మెదడుకు శస్త్రచికిత్స చేసి ఆఫీసు జ్ఞాపకాలనీ, బయటి జ్ఞాపకాలనీ రెండు వేర్వేరు స్పృహలుగా విడగొడతారు. ఆఫీసు జ్ఞాపకాలు మాత్రమే ఉన్న మార్క్, అతని సహోద్యోగులు మొదటిసారి బయటి ప్రపంచంలో కళ్లు తెరుస్తారు. వాళ్లను మెలకువగా ఉంచడానికి ఆఫీసులోనే ఉన్న సహోద్యోగి డిలన్ చేతులు చాచి రెండు స్విచ్‌లు పట్టుకుని నిలబడతాడు. అతని చేయి జారితే వాళ్లు మాయం. అందుకే ప్రతి సంభాషణా ఊపిరాడనివ్వదు. చనిపోయిందనుకున్న భార్య బతికే ఉందని మార్క్ అరుస్తాడు, అంతలోనే అతని స్పృహ మారిపోతుంది.

నా ఓటు దీనికే. స్టార్ ట్రెక్‌లో కథను ఆపింది రచయితలు. ఇక్కడ ఆగిపోయింది పాత్ర. ఆ విరామం కథలోంచే పుట్టింది, కాబట్టి మోసపోయామనిపించదు. రెండో సీజన్ కోసం 2025 జనవరి దాకా ఆగాల్సి రావడం మాత్రం అన్యాయం. ఉత్కంఠ అంతకాలం నిలవదు, చాలామంది మొదటి సీజన్ మళ్లీ చూడాల్సి వచ్చింది. ఆ విషయంలో మూడు నెలల్లో తిరిగొచ్చిన స్టార్ ట్రెక్కే మేలు.