టీ పదిహేను, బూతు పది

గుంటూరు కొత్తపేటలో డాక్టర్ల ఓపీ అయ్యేదాకా మాలాంటి మెడికల్ రెప్పులకి టీ కొట్టే దిక్కు. ఈ మధ్య నేను కూర్చునేది ఆసుపత్రుల సందు చివరున్న చిన్న కొట్టులో. పేరు బోర్డు లేదు. స్టవ్ పక్కన చిల్లర నిండిన హార్లిక్స్ సీసా కనిపిస్తే అదే.

మిగతా కొట్లలో "రాజకీయాలు మాట్లాడరాదు" అని ఉంటుంది. ఇక్కడ రాసింది వేరు: "రాజకీయాలు మాట్లాడుకోవచ్చు. ఇంట్లో వాళ్ల ఊసు, కులం ఊసు ఎత్తితే రూ.10." ఆ పది సీసాలో పడాలి. కింద ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో ఒక ముక్క జిరాక్స్ తీసి అంటించాడు కొట్టు బాబాయ్. విమర్శ అవతలి పార్టీ విధానాలు, కార్యక్రమాలు, గతంలో చేసిన పని వరకే ఉండాలనీ, ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత విషయాల జోలికి పోకూడదనీ. అది ఎన్నికలప్పుడే కదా బాబాయ్ అంటే, "మన దగ్గర ఎన్నికలు లేనిదెప్పుడు?" అన్నాడు.

నాకే పడేదాకా ఇదంతా వేషం అనుకున్నా. 2024 అక్టోబరులో మంత్రి కొండా సురేఖ గారు కేటీఆర్‌ని విమర్శించబోయి ఒక సినిమా జంట విడాకుల్ని మధ్యలోకి లాగారు కదా. తప్పే, తప్పే అంటూనే ఆవిడ అన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. బాబాయ్ టీ వడపోస్తూనే "పది వెయ్యండి" అన్నాడు.

"అన్నది నేను కాదుగా!"

"అన్నది ఆవిడ, ఇక్కడిదాకా మోసుకొచ్చింది మీరు. ఆవిడ వెనక్కైనా తీసుకున్నారు."

వేశాను.

ఘాటుకి మాత్రం జరిమానా లేదు. గుంతల రోడ్డు గురించి ఒక ఆటో అతను ఎమ్మెల్యేని పావుగంట కడిగేశాడు. చేతగానివాడు, దద్దమ్మ, అన్నీ అన్నాడు. పైసా పడలేదు. "వాడి అమ్మ..." అని మొదలుపెట్టాడో లేదో సీసా ముందుకి జరిగింది.

లోపం లేకపోలేదు. 2021 నవంబరు 19న చంద్రబాబు, తన భార్యని అవమానించారంటూ అసెంబ్లీ నుంచి వెళ్లిపోయిన సంగతి వస్తే బాబాయ్ గొంతు జీరపోతుంది. 2024 మేలో నోరు జారినందుకు ఎన్నికల సంఘం కేసీఆర్ ప్రచారాన్ని 48 గంటలు ఆపితే "భేష్" అన్నాడట. సొంత పార్టీ వాళ్లు నోరు జారిన మాట ఎవరైనా తెస్తే మాత్రం "ఆవేశంలో అన్నాడులే" అని ఐదుకి దిగుతాడు. మొన్న ఒక లెక్చరర్ గారు ఊరుకోలేదు. "మిగతా ఐదు నువ్వెయ్యి" అన్నారు. గొణుక్కుంటూనే గల్లాపెట్టెలోంచి తీసి వేశాడు.

టీలో పంచదార ఎక్కువ, ముందే చెప్పాలి. సాయంత్రం పునుగులు బాగుంటాయి, అల్లం పచ్చడి ఇంకా బాగుంటుంది. టీకి మూడు స్టార్లు, సీసాకి నాలుగు. నిండితే ఏం చేస్తావని అడిగితే, "పేపర్ బిల్లు కడతా. అటు వాళ్లదొకటి, ఇటు వాళ్లదొకటి" అన్నాడు.