హాలిస్టర్ – పార్క్‌ఫీల్డ్ ఫాల్ట్ టూర్: బురద గురించి రోజంతా విన్నాం, 4/5

ఊరి నుంచి వచ్చిన నాన్నకి గోల్డెన్ గేట్, వేగస్ అన్నీ అయిపోయాక ఇంకేం చూపించాలా అని వెతుకుతుంటే ఈ వ్యాన్ టూర్ దొరికింది. కాలిఫోర్నియాలో హాలిస్టర్ దగ్గర ఎక్కించుకుని శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ (భూమి పై పెంకులోని రెండు పెద్ద పలకలు ఒకదాని పక్కన ఒకటి జరిగే పగులు) వెంట పార్క్‌ఫీల్డ్ దాకా తిప్పి తెస్తారు. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ముందు అవే కానిచ్చేస్తా: లంచ్ ఇస్తామన్నారు, ఇచ్చింది ఒక చిప్స్ ప్యాకెట్, ఒక ఆపిల్. నాలుగింటికి దింపుతామని ఆరున్నరకి దింపారు. వెనక సీట్లకి ఏసీ అందలేదు.

అయినా నాలుగు స్టార్లు ఎందుకంటే గైడ్. రిటైరైన సైన్స్ టీచర్.

మొదట హాలిస్టర్ వీధుల్లో నడిపించాడు. ఊరి మధ్యలోంచి కలవెరాస్ ఫాల్ట్ పోతుంది. ఫుట్‌పాత్ అంచు నేరుగా వచ్చి ఒకచోట పక్కకి జరిగి మళ్లీ నేరుగా పోతోంది, ఒక ఇంటి ముందు పిట్టగోడ వంకర తిరిగిపోయింది. భూకంపం వచ్చి కాదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరగడం వల్ల. నాన్న గోడని తడిమి చూసి, "ఒరేయ్, రేగడి మీద పునాది సరిగ్గా తవ్వలేదేమోరా" అన్నారు. మాది ఒంగోలు వైపు, నల్లరేగడి నేల, ఎండాకాలం నెర్రెలిచ్చి వానకి ఉబ్బే ఆ మట్టి మీద గోడలు పగలని ఇల్లు అరుదు. నేను ఇంగ్లీషులో చెప్తే గైడ్ నవ్వి, "కారణం అది కాదుగానీ ఆ మట్టి దగ్గరికే వెళ్తున్నాం" అన్నాడు.

తర్వాత ఒక చెట్టు కింద వ్యాన్ ఆపి పెట్టె తెరిచాడు. నా డబ్బులకి న్యాయం జరిగింది ఇక్కడే. గ్రానైట్ పలక మీద ఇంకో చిన్న గ్రానైట్ పలక పెట్టి కింది పలకని మెల్లగా ఎత్తాడు. ముప్పై డిగ్రీలు దాటేదాకా పైది కదల్లేదు, కదిలాక మాత్రం ఒక్కసారిగా జారి దబ్బున పడింది. మళ్లీ రెంటి మధ్యా తడి బెంటొనైట్ పూశాడు (పిల్లుల డబ్బాలో పోసే మట్టి, షాపులో కొన్నాడట). ఈసారి కొంచెం ఎత్తగానే పై పలక నత్తలా పాకడం మొదలుపెట్టింది, పడలేదు, అలా పాకుతూనే ఉంది. గట్టి రాయి జారడం మొదలయ్యాక పట్టు తగ్గిపోతుంది, అందుకే ఏళ్లతరబడి బిగుసుకుని ఒక్కసారి తెగుతుంది. ఇలాంటి బంకమట్టికి వేగం పెరిగేకొద్దీ పట్టు కొంచెం పెరుగుతుంది, అందుకే పరుగెత్తదు, పాకుతుంది. ఇంత తేలిగ్గా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

పార్క్‌ఫీల్డ్ దగ్గర ఫాల్ట్ లోపలికి దాదాపు 3 కిలోమీటర్ల లోతు బోరు వేసి, 2007లో మెల్లగా పాకుతున్న పొరల్లోంచే రాతి ముక్కలు పైకి తీశారు. వాటిలో సెర్పెంటినైట్ రాళ్లు, వాటి చుట్టూ సాపొనైట్ అనే బంకమట్టి. సబ్బులా ఉంటుందనే ఆ పేరు. మామూలు రాయికి ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.6 పైన ఉంటే దీనికి 0.15 దగ్గర. సాపొనైట్ స్మెక్టైట్ కుటుంబంలోది, మన రేగడిని ఉబ్బించేదీ ఆ కుటుంబమే. అది చెప్పగానే నాన్న "వానాకాలం చేలో చెప్పులు చేతికొచ్చేది ఎందుకనుకున్నావు మరి" అని నన్నే దబాయించారు.

బోరులోంచి వచ్చిన రాతిపొడిలో టాల్క్ కూడా దొరికింది. గైడ్ పెట్టెలోంచి టాల్క్ ముక్క తీసి ఇస్తే నాన్న గోటితో గీకి, "బలపమేగా" అని గ్రానైట్ పలక మీద గుండ్రంగా ‘అ’ రాసిపెట్టారు. గైడ్ దాన్ని ఫోటో తీసుకున్నాడు.

వ్యాన్‌లో ఒకావిడ "అయితే బంకమట్టి ఉన్నచోట భయం లేదన్నమాట" అంది. అదేం కాదట. 2011లో జపాన్ తోహోకు భూకంపంలో జారిన ఫాల్ట్‌లోకి మరుసటి ఏడాది బోరు వేస్తే అక్కడా స్మెక్టైటే నిండుగా ఉంది, కానీ సముద్రపు కందకం దగ్గర ఆ పొర మీద నేల సుమారు 50 మీటర్లు జారింది. కింద నుంచి పగులు దూసుకొచ్చి తోస్తే బలహీనమైన మట్టి ఆపలేదు, ఇంకా దారిస్తుంది. ఈ సంగతి ఇంకో పావుగంట చెప్పి ఉంటే బాగుండేది, ఆలస్యమైందని కట్ చేశాడు. ఇష్టమైనచోట హడావుడి, హైవే మీద మాత్రం గంటలు గంటలు.

పార్క్‌ఫీల్డ్ చిన్న పల్లె. వంతెన అటు చివర పసిఫిక్ పలక, ఇటు చివర ఉత్తర అమెరికా పలక అని బోర్డులున్నాయి, రెయిలింగ్ వంగి ఉంది. పాకే భాగం అయిపోయి బిగుసుకున్న భాగం మొదలయ్యేది ఇక్కడే. 1857 నుంచి 1966 దాకా ఇక్కడ సుమారు 6 తీవ్రతతో పదే పదే కంపించిందని లెక్కగట్టి, 1993లోపు మళ్లీ వస్తుందని పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు, తీరా అది వచ్చింది 2004 సెప్టెంబర్ 28న. మా టూర్ టైమింగ్ కూడా అలాగే ఉందని నేనన్నాను, గైడ్‌కి నచ్చలేదు.

పదేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లకండి, పెట్టె తెరిచేదాకా ఆగలేరు. ముందు సీటు అడిగి తీసుకోండి. పులిహోర కట్టుకెళ్లండి, దారిలో ఏమీ దొరకదు.