పుట్టిన తేదీ లెక్కా, ఒంటి సత్తువ లెక్కా?

మా మామయ్యకి 72. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లూ నడిచొస్తాడు. ఎదురింటాయనకి 58. పదిహేనేళ్లుగా షుగర్, సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. వీళ్లలో ముసలివాడెవరు?

పుట్టిన తేదీ ప్రకారం మామయ్యే. ఈ లెక్కలో ఒక సుఖం ఉంది: ఆధార్ చూపిస్తే చాలు, వాదన ఉండదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్. 2024 నుంచి 70 నిండినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. ఎదురింటాయన ఏ గీతకీ అందడు.

రెండోది సత్తువ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నివేదిక నుంచి దీనివైపే మొగ్గింది: నడక, జ్ఞాపకం, చూపు, వినికిడి, తిండి, మనసు ఎలా ఉన్నాయో చూడమంటుంది. ఒక పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా నిపుణులు 2019లో పెట్టిన హద్దు 12 సెకన్లు. మామయ్య తొమ్మిదిలో ముగించి కాఫీ అడిగాడు. ఎదురింటాయన మూడోసారికే ఆగిపోయి, "మోకాళ్లు, బాబూ" అని నవ్వేశాడు.

పథకాలకు తేదీ లెక్కే ఉండనివ్వండి, లేకపోతే సర్టిఫికెట్ల బేరాలు మొదలవుతాయి. డాక్టర్ గదిలో మాత్రం నా ఓటు కుర్చీకే. తుంటి ఎముక విరిగాక పరుగెత్తేకంటే ఫిజియోథెరపీ, పప్పు, గుడ్డు ముందే మొదలుపెట్టొచ్చు కదా. ఎదురింటాయన ఇప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తున్నాడు. ప్రస్తుతానికి కాళీమాత గుడి దాకానే.