విశేషణాల పర్యాయపద కార్డులు: కొనే ముందు ఏ కార్డులు తీసి చూడాలి

ప్రాథమిక తరగతుల్లో పర్యాయపదాలు అనగానే సూర్యుడు, చంద్రుడు, నీరు, భూమి వంటి నామవాచకాలే ముందుగా గుర్తుకు వస్తాయి. రవి, భానుడు, ఆదిత్యుడు అని మూడు మాటలు గడగడా అప్పజెప్పిన పిల్లవాడికి మార్కులు పడతాయి, పాఠం ముందుకు సాగుతుంది. మంచి, పెద్ద, చిన్న, కొత్త, పాత వంటి విశేషణాల దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి పనిచేయదు. రవి ఉదయించినా భానుడు ఉదయించినా తెల్లవారుతుంది కాని, కొత్త ఆవకాయను నూతన ఆవకాయ అంటే విన్నవారు నవ్వుతారు. ఈ తేడాను గుర్తించి తయారుచేసిన బోధన సామగ్రి నాకు తెలిసినంతలో తక్కువ కనుక, మూడు నుంచి ఐదో తరగతి పిల్లల కోసం రూపొందించిన ఒక కార్డుల పెట్టెను తరగతిలో కొంతకాలం వాడి ఈ సమీక్ష రాస్తున్నాను. లోపాలను కూడా విడమరచి చెప్పవలసి ఉన్నందున తయారీదారుల పేరు రాయడం లేదు. ఈ కోవకు చెందిన ఏ పెట్టెను కొనాలనుకున్నా ఏయే కార్డులు తీసి చూడాలో తెలిస్తే చాలునని నా ఉద్దేశం.

పెట్టెలో నీలం కార్డుల మీద పిల్లలకు తెలిసిన విశేషణం, దాని కింద మూడు నాలుగు పర్యాయపదాలు ఉంటాయి. తెల్ల కార్డుల మీద బొమ్మతో పాటు ఒక నామవాచకం ఉంటుంది. నలుగురైదుగురు పిల్లలు చుట్టూ కూర్చుని, ఒకరు తెల్ల కార్డు తీస్తే మిగిలినవారు దాని పక్కన ఇమిడే విశేషణాన్ని చెప్పాలి. జవాబు కార్డు వెనుక ఉంటుంది. కేవలం మాటల జాబితా ఇచ్చి ఊరుకోకుండా ప్రతి మాటనూ ఒక నామవాచకంతో ముడిపెట్టడమే ఈ పెట్టెలోని అసలు బలం. సంస్కృతంలో విశేషణం తన విశేష్యాన్ని, అంటే తాను వర్ణించే నామవాచకాన్ని బట్టి లింగమూ వచనమూ మార్చుకుంటుంది. అందుకే సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం మూడో కాండలో విశేషణాల వర్గానికి విశేష్యనిఘ్న వర్గమని, అంటే విశేష్యానికి లోబడినవాటి వర్గమని పేరు పెట్టారు. తెలుగులో ఆ రూపభేదం లేదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పిల్లలు అని మాట మారకుండానే నడుస్తుంది. అయితే ఏ పర్యాయపదం ఏ నామవాచకంతో పొసగుతుందన్న విషయంలో మాత్రం మన విశేషణం కూడా విశేష్యం చెప్పుచేతల్లోనే ఉంటుంది.

పాత అన్న కార్డును ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని కింద పురాతన, ప్రాచీన అన్న మాటలున్నాయి. జతపరచవలసిన తెల్ల కార్డులు చొక్కా, దేవాలయం, సాహిత్యం. పాత చొక్కా, పురాతన దేవాలయం, ప్రాచీన సాహిత్యం అని వెనుక జవాబు ఉంది. చొక్కా తాతయ్యదైతే పురాతన చొక్కా అనవచ్చు కదా అని నాలుగో తరగతి బాలుడు ఒకడు వాదించాడు, ఆ వాదన మీద తరగతి మొత్తం మాట్లాడింది. జాబితాను బట్టీ పట్టిస్తే ఇటువంటి ప్రశ్న పుట్టదు. చల్లని నీరు, శీతల పానీయం. తియ్యని మామిడిపండు, మధురమైన గానం. చిక్కని పాలు, దట్టమైన అడవి వంటి జతలు కూడా ఇంతే శ్రద్ధగా ఎంచినవి. చీకటి అన్న కార్డు వెనుక చిక్కని, దట్టమైన అన్న రెండింటినీ సరైన జవాబులుగానే ఇవ్వడం నాకు నచ్చింది, ఎందుకంటే ఒకే జవాబుకు కట్టుబడితే ఆట తప్పులు వెతికే పరీక్షగా మారిపోతుంది.

అన్నిటికంటె మెచ్చుకోదగినవి ఎర్ర అంచు ఉన్న కార్డులు. విశేషణం నామవాచకంలో కలిసిపోయి, మరో మాటతో మార్చడానికి వీలులేని పదాలు వీటి మీద ఉన్నాయి: మంచినీళ్లు, మంచినూనె, పెద్దపులి, పెద్దమ్మ, చిన్నాన్న. ఈ కార్డు వచ్చినప్పుడు పిల్లలు మార్చకూడదు అని చెప్పాలి, కాని వాళ్లు ముందు మార్చి చూసి, నవ్వుకుని, ఆ తర్వాతే చెబుతారు. సూక్ష్మ నాన్న అన్న మాట పుట్టిన రోజున తరగతిని అదుపులో పెట్టడం నా వల్ల కాలేదు. చిన్న అన్న నీలం కార్డుకు మాత్రం తయారీదారులు పూర్తి న్యాయం చేయలేదు. సూక్ష్మ, లఘు, అల్ప అని మూడూ సంస్కృత పదాలే ఇచ్చారు. సూక్ష్మజీవి, లఘుచిత్రం, అల్పాహారం అన్న జతలు సరైనవే, పై తరగతుల పాఠాలకు పనికివచ్చేవే. అయితే చిట్టి చేతులు, బుల్లి గిన్నె, బుజ్జి కుక్కపిల్ల అని ఇంట్లో రోజూ వినే మాటలకు పర్యాయపదాల హోదా ఎందుకు దక్కలేదో అర్థం కాదు. అవి పరిమాణంతో పాటు ముద్దును కూడా చెబుతాయి. ఆ తేడాను ఎనిమిదేళ్ల పిల్లలు మనకంటే బాగా పట్టుకుంటారు.

ఇక అసలు లోపాలకు వస్తే, అందమైన అన్న కార్డు ఈ పెట్టె పద్ధతికే విరుద్ధంగా ఉంది. సుందర, రమ్య, మనోహర, రుచిర, మంజుల, లలిత అని వరుసగా పేర్చి, నామవాచకం ఒక్కటి కూడా ఇవ్వలేదు. పిల్లలు వాటిని తోటివారి పేర్లుగా గుర్తుపట్టారే తప్ప విశేషణాలుగా వాడలేకపోయారు. పైగా సుందర అన్న రూపం నేరుగా ఎక్కడ చేరుతుందో, సుందరమైన అని ఎక్కడ మార్చుకోవాలో ఉపాధ్యాయుల చిన్న పుస్తకంలో కూడా లేదు. సుందర వనం అంటే కుదురుతుంది. తోట అచ్చతెలుగు మాట కనుక సుందర తోట అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, సుందరమైన తోట అనాలి. శీతల గిడ్డంగి వంటి పత్రికల మాటలు ఈ కట్టుబాటును ఎప్పుడో దాటేశాయన్నది నిజమే, అయినా పిల్లలకు మొదట దారి చూపించి ఆ తర్వాత మినహాయింపులు చెప్పడం మేలు.

పచ్చ అన్న కార్డు అంతకంటె ఇబ్బంది పెడుతుంది. పచ్చజెండాలోని పచ్చ ఆకు రంగు, పచ్చకామెర్లలోని పచ్చ పసుపు రంగు. ఈ కార్డు హరిత, పసుపు అన్న రెండింటినీ ఒకే వరుసలో పర్యాయపదాలుగా చూపిస్తుంది కనుక, హరిత అంటే పసుపు రంగని ఒక అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. ఆకుపచ్చకు ఒకటి, పసుపుపచ్చకు ఒకటి చొప్పున రెండు కార్డులు చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

ప్రాంతాల మాటల విషయంలో పెట్టె ఏకపక్షంగా ఉందని కూడా చెప్పాలి. లావు అన్న కార్డు కింద స్థూల, భారీ అని ఉన్నాయి, దొడ్డు లేదు. తెలంగాణలో సన్న బియ్యం, దొడ్డు బియ్యం అన్నవి రేషన్ దుకాణం దగ్గర ప్రతి పిల్లవాడూ వినే మాటలు. తన ఇంటి మాట కార్డు మీద కనిపించని పిల్లవాడు దానిని తప్పు మాట అనుకునే ప్రమాదం ఉంది.

అట్ట మందంగా ఉంది, అక్షరాలు దూరం నుంచి కూడా చదవగలిగేంత పెద్దవి, బొమ్మలు సాధారణం. విదేశాల్లో ఇంటి దగ్గర మాత్రమే తెలుగు వినే పిల్లలకు ఏ జత సహజమో చెవికి తెలియదు కనుక, వెనుక జవాబులు లేని పెట్టె వారికి పనికిరాదు. ఇందులో చాలా కార్డులకు జవాబులు ఉండడం ఆ తల్లిదండ్రులకు ఊరట. రెండో తరగతి లోపు పిల్లలకు మాత్రం దీనిని కొనవద్దు. కొన్నవారు అందమైన, పచ్చ కార్డులను పక్కన పెట్టి, పెట్టె అడుగున ఉన్న ఖాళీ కార్డుల మీద దొడ్డు, చిట్టి, బుల్లి, బుజ్జి అని పిల్లల చేతనే రాయించి ఆట మొదలుపెట్టవచ్చు.