ఫాస్ఫోలైపేజ్ ఏ2 బ్లాకింగ్ పెప్టైడ్: అనంతపురంలో మా ల్యాబులో వాడి చూశాక

సీసా అడుగున ఉందో లేదో అన్నంత తెల్లటి పొడి. దానికి యాంటీబాడీ (మనకు కావలసిన ప్రోటీన్‌ను గుర్తుపట్టి అంటుకునేది) ధరలో దాదాపు సగం పెట్టాలంటే మా గైడ్ మేడమ్ కూడా ముందు ఒప్పుకోలేదు. వాడాక చెబుతున్నాను: సైటోసాలిక్ ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ మీద పనిచేసేవాళ్లకు ఇది దండగ ఖర్చు కాదు.

కణంలో క్యాల్షియం పెరగగానే ఈ ఎంజైమ్ పొరల మీదికి చేరి, అక్కడి ఫాస్ఫోలిపిడ్ల నుంచి అరకిడోనిక్ ఆమ్లాన్ని విడదీస్తుంది. వాపుకు కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయీన్లు తయారయ్యేది దాని నుంచే. జెల్ మీద ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి గుర్తిస్తాం, చిక్కంతా ఆ బరువు దగ్గరే వస్తుంది. అమైనో ఆమ్లాలు లెక్కేస్తే ఈ ఎంజైమ్ 85 కిలోడాల్టన్లు (ప్రోటీన్ల బరువు కొలత). జెల్ మీద మాత్రం 100 దాటి కనిపిస్తుంది. 505వ అమైనో ఆమ్లమైన సెరిన్ దగ్గర ఫాస్ఫేట్ చేరితే ఇంకాస్త పైకి జరుగుతుంది. మా రా 264.7 కణాల (ఎలుక మాక్రోఫేజ్ కణాలు) బ్లాట్‌లో, అంటే జెల్ మీది ప్రోటీన్లను ఒక పొర మీదికి మార్చి యాంటీబాడీతో చూసే పరీక్షలో, పైన దగ్గర దగ్గరగా రెండు బ్యాండ్లు, కింద 55 దగ్గర వాటికన్నా మందంగా ఇంకొకటి వచ్చాయి. "అక్కా, వీటిలో మనది ఏది?" అని జూనియర్ అడిగితే నమ్మకంగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఈ పెప్టైడ్ వచ్చింది ఆ ప్రశ్న కోసమే. కుందేలులో యాంటీబాడీ పుట్టించడానికి వాడిన ఎంజైమ్ ముక్క ఇదే. ముందుగా దీన్ని యాంటీబాడీతో కలిపి ఉంచితే దాని చేతులు నిండిపోతాయి, ఇక బ్లాట్ మీద ఆ ముక్క ఉన్న ప్రోటీన్‌ను పట్టుకోలేదు. బరువులో యాంటీబాడీకి అయిదు రెట్లు పెప్టైడ్ వేసి, రాత్రంతా 4 డిగ్రీల్లో తిప్పాను. నిజానికి సమాన బరువు వేసినా చాలానే ఉంటుంది: యాంటీబాడీ 150 కిలోడాల్టన్లు, పెప్టైడ్ సుమారు 2, అంటే ఒక్కో యాంటీబాడీకి 75 పెప్టైడ్లు. పెప్టైడ్ లేని ట్యూబునూ పక్కనే అంతసేపూ తిప్పాలి. రెండు బ్లాట్లకూ ఎక్స్‌పోజర్ (బొమ్మ తీసే సమయం) ఒకటే ఉండాలి. ఇక్కడ తేడా వస్తే పోలికకు అర్థమే లేదు.

పైనున్న రెండు బ్యాండ్లూ పూర్తిగా పోయాయి. 55 దగ్గరది చెక్కు చెదరలేదు. ఆ మందపాటి బ్యాండును లెక్కలోకి తీసుకోకూడదని ఆరోజే తేలింది. నాకు ఎంత టెన్షన్ తగ్గిందో!

అయితే దీన్నే ఆఖరి రుజువు అనుకోవద్దు. మాయమైన బ్యాండు మన ఎంజైమే కానక్కర్లేదు. అలాంటి అమైనో ఆమ్లాల వరుసే ఉన్న ఇంకో ప్రోటీన్ ఉంటే అదీ మాయమవుతుంది. యాంటీబాడీల పరీక్షకు 2016లో అంతర్జాతీయ బృందం సూచించిన అయిదు పద్ధతుల్లో జన్యువును అణచి చూడడం ఉంది, బ్లాకింగ్ పెప్టైడ్ లేదు. అందుకే జన్యువును అణచే ఎస్ఐఆర్ఎన్ఏ ప్రయోగం కూడా మొదలుపెట్టాం.

నాకు నచ్చనిది ఒక్కటే, అమ్మేవాళ్లు పెప్టైడ్ వరుస చెప్పరు. కంపెనీ రహస్యమట. వరుస తెలిస్తే పోలిన ప్రోటీన్లు ఏమున్నాయో మేమే వెతుక్కునేవాళ్లం. పరిశోధనకు అమ్మే వస్తువుకు ఇది న్యాయం కాదు.

బెంగళూరు డీలర్ పంపిన పెట్టె సప్తగిరి సర్కిల్ దగ్గర కొరియర్ ఆఫీసుకు చేరేసరికి ఐసు ప్యాకులు నీళ్లయ్యాయి. మే నెల అనంతపురంలో అది మామూలే. ఎండబెట్టిన పొడి కాబట్టి పెప్టైడ్‌కు ఏమీ కాలేదు. నీళ్లలో కలిపాక మాత్రం అంత ఓర్చుకోదు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి, కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. కొనేముందు డీలర్‌ను ఒక్క మాట అడగండి: మీ యాంటీబాడీని పుట్టించింది ఈ పెప్టైడ్‌తోనేనా? మొత్తం ప్రోటీన్‌తో పుట్టించినదైతే ఇది కొనకండి.