లేనియర్ సరస్సులో సెప్టెంబరు గాలం: చేపలు దక్షిణాన, బస ఉత్తరాన

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్లకు లేనియర్ సరస్సు అంటే వేసవి పిక్నిక్కు, పడవ షికారు. కమ్మింగ్‌లో ఉండేవారికైతే అది దాదాపు పెరటి చెరువు. కానీ గాలం వేసేవాడికి జూన్, జులై నెలలు దండగ. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు వెళ్లిపోయాక జనం పలచబడతారు. బాస్ చేప కోసం వెళితే అప్పుడే వెళ్లాలి, అదీ పనిదినం చూసుకుని. శనివారం మధ్యాహ్నం పెద్ద మోటారు పడవలు లేపే అలల్లో నిలబడటమే కష్టం. ఇక సన్నదారంతో చేసే నాజూకు వేట సాగే మాటే లేదు.

చాటహూచీ నది మీద 1950లలో కట్టిన బ్యూఫోర్డ్ ఆనకట్ట వెనక నిలిచిన నీరిది, సుమారు 38,000 ఎకరాలు. పేరుకు ఒకటే సరస్సు గానీ రెండు స్వభావాలు. గెయిన్స్‌విల్ పట్టణానికి పైన, ఉత్తర భాగంలో నది నీరు వచ్చి కలుస్తుంది కాబట్టి లోతు తక్కువ, నీటికి కాస్త మట్టి రంగు. అక్కడ ఒడ్డు వారన పడిపోయిన చెట్ల దగ్గర లార్జ్‌మౌత్ బాస్ దొరుకుతుంది. ఆనకట్ట వైపు దక్షిణాన నీరు లోతు, తేట. అది స్పాటెడ్ బాస్ రాజ్యం. సెప్టెంబరులో పైనీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. అందుకే ఈ చేపలు 20 నుంచి 30 అడుగుల లోతున, వేటగాళ్లు కొమ్మలు మోపులు కట్టి ముంచిన చోట్ల గుమిగూడతాయి. తెల్లవారుజామున మాత్రం హెర్రింగ్ అనే చిన్న చేపలను తరుముతూ ఒక్కోసారి పైకి వస్తాయి.

ఆ మునిగిన కొమ్మలు ఎక్కడున్నాయో కొత్తవారికి తెలిసే దారి లేదు. అందుకే ఒక పూటకు గైడును కుదుర్చుకున్నాం. ధర వందల డాలర్లలోనే ఉంటుంది, మామూలుగా టిప్పు వేరు. కానీ గాలాలు, ఎరలు, లోతును తెరమీద చూపే సోనార్ అన్నీ ఆయనవే. నా లెక్కలో ఈ యాత్రలో సరిగ్గా పెట్టిన ఖర్చు అదొక్కటే.

ఆయన నేర్పింది డ్రాప్‌షాట్ పద్ధతి. దారం చివర పావు ఔన్సు గుండు, దానికి అడుగు పైన చిన్న కొక్కెం, కొక్కేనికి ముక్కు దగ్గర గుచ్చిన వేలెడు ప్లాస్టిక్ పురుగు. చివరి కొసకు 6 నుంచి 8 పౌండ్ల బలమున్న ఫ్లోరోకార్బన్ దారం, ఎందుకంటే తేటనీటిలో లావు దారాన్ని చేప అనుమానిస్తుంది. గుండు నేలకు తగలగానే దారం బిగువుగా ఉంచి కర్ర కొసను చిన్నగా వణికించాలి. మా బావమరిది మజ్జిగ చిలికినట్టు ఊపుతుంటే గైడు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఊపడం కంటే ఆగడమే ఎక్కువ పని చేస్తుందట. అది నిజమే. చేప పట్టినప్పుడు లాగినట్టు కూడా ఉండదు, కర్ర కొస కాస్త బరువెక్కుతుంది, అంతే. అప్పుడు గట్టిగా గుంజకూడదు. రీలు తిప్పుతూ కర్రను మెల్లగా లేపితే ఆ సన్న కొక్కెం దానంతట అదే దిగుతుంది. ఇంకా పెద్ద లోతుల్లోంచి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా కిందికి దిగలేక తేలిపోతుంది. అందుకే ఆయన మరీ లోతైన చోట్లకు తీసుకెళ్లలేదు. ఈ ఒక్క సంగతితోనే మనిషి మీద గౌరవం పెరిగింది.

గైడు లేకుండా అద్దెకు పాంటూన్ అనే బల్లపరుపు పడవ తీసుకుని కూడా చూశాం. పిల్లలకు పండగే. వేటకు మాత్రం పనికిరాదు. సోనార్ లేదు, గాలికి పడవ ఒక చోట నిలవదు. పెట్రోలు ఖర్చు, శుభ్రం చేసే రుసుము తిరిగి వచ్చాక గానీ చెప్పలేదు. ఒప్పందం కాగితం ముందే చదవండి. 1998 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు జార్జియాలో మోటారు పడవ నడపాలంటే పడవ భద్రత కోర్సు పూర్తి చేసి ఉండాలి. పదమూడేళ్ల లోపు పిల్లలకు కదిలే పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి.

బస విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. లేనియర్ మీదున్న ఒకే ఒక రాష్ట్ర పార్కు డాన్ కార్టర్. 2013లో తెరిచారు. అడవిలో రెండు గదుల కాటేజీలు, వంటిల్లు, ఇసుక ఒడ్డు, పడవ దింపే రేవు ఉన్నాయి. నా భార్య ఓటు దానికే. కుక్కర్ పెట్టుకునే వీలుంటే ఆమె మరే లోపాన్నీ లెక్కపెట్టదు. లోపమల్లా అది ఉత్తర కొసన ఉండటం. దక్షిణాన ఉన్న గైడును తెల్లవారకముందే కలవాలంటే చీకట్లో ముప్పావు గంట కారు నడపాలి. లేనియర్ ఐలాండ్స్ రిసార్టు దక్షిణానే ఉంది, నీటికి దగ్గర. కానీ అక్కడి ఆర్భాటానికీ ధరకూ వేటగాడికి పొత్తు కుదరదు. ఇద్దరు ముగ్గురు మిత్రులు మాత్రమే వెళితే ఆనకట్టను నడిపే సైనిక ఇంజనీర్ల విభాగం క్యాంపు మైదానాలు చవక. అయితే కొన్ని సెప్టెంబరులోనే మూసేస్తారు కాబట్టి ముందుగా చూసుకోవాలి. కుటుంబంతో అయితే నేనూ చివరికి డాన్ కార్టర్ వైపే, నిద్ర పోగొట్టుకున్నా సరే.

పదహారేళ్లు నిండినవారందరికీ ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. ఫోనులోనే తీసుకోవచ్చు. ఈ సరస్సులో 14 అంగుళాల లోపు బాస్‌ను ఉంచుకోకూడదు, కొలబద్ద దగ్గర పెట్టుకోండి. పెద్దవాటిని వదిలేశాం. కొలతకు సరిపోయిన రెండింటిని కాటేజీలో చింతపండు పులుసు పెట్టాం. కండ తెల్లగా, గట్టిగా ఉంది. పండుగప్ప రుచి రాదు గానీ ముళ్ల బెడద తక్కువ, పిల్లలు పేచీ పెట్టకుండా తిన్నారు.

ఇదే వేట కోసం అక్టోబరు చివరి దాకా ఆగకండి. చలి ముదిరే కొద్దీ పైనీరు, అడుగునీరు కలిసిపోయి చేపలు చెల్లాచెదురవుతాయి. కొమ్మల మోపుల దగ్గర గంటలు కూర్చున్నా దొరుకుతాయన్న భరోసా ఉండదు.